మాగాయ జాడీ – భైరవుడు

వేసవికాలము మన పల్లెలకు కష్టమును, కలిమిని కలిపి తెచ్చును. ఎండ మండును, వడగాలి వీచును, చెఱువులు అడుగంటును. ఆ కాలముననే మామిడిచెట్టు విరగకాయును. పెరటిలో దోసపాదులు, కాకరపాదులు, వంగమొక్కలు, గోరుచిక్కుడు మొక్కలు కాపునకు వచ్చును. చెట్టు కాచినన్నాళ్ళు ఇంటినిండ కాయలే. కాపు ముగిసి వానలు పట్టిన పిమ్మట వెదకినను ఒక్క మామిడికాయ దొరకదు. నేటి సమృద్ధిని రేపటి లేమికై దాచుకొనుటయే ఊరగాయలు, ఒరుగులు, వడియములు పెట్టుటలోని పరమార్థము.

బాలబాలికలారా! పంటను దాచుట వంటింటి పని యని మీరు తేలికగా తలపవలదు. దానికి శాస్త్రము కలదు, క్రమశిక్షణ కలదు. నా చిన్నతనమున ఒక మాగాయ జాడీ వలనను, ఒక కుక్క వలనను నేను నేర్చుకొన్న పాఠమును మీకు చెప్పెదను. అరువదియేండ్లు దాటిన ఈ వయసునందును అది నాకు మఱపునకు రాలేదు.

అది 1972వ సంవత్సరము. నాకప్పుడు పండ్రెండేండ్లు. కృష్ణా జిల్లాలో ఒక కాలువ గట్టున మా ఊరు. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంటిలో ఏడుగురము, వచ్చెడి జీతము స్వల్పము. శ్రావణ భాద్రపదములలో ముసురు పట్టినచో సంతకు కూరలు వచ్చెడివి కావు; వచ్చినను కొనుటకు పైకము చాలెడిది కాదు. ఆ రెండు నెలలును మా యింట అన్నమునకు ఆధారము నాయనమ్మ పెట్టిన జాడీలే.

మా పెరటిలో ఒక పాత పుల్లమామిడి చెట్టు ఉండెను. ఏటేటా మూడు వందల కాయలకు తక్కువ కాచెడిది కాదు. ఆ యేడు చైత్రమాసములో వచ్చిన గాలివానకు పిందెలు రాలిపోయి నూటయిరువది కాయలు మాత్రము నిలిచెను. నాయనమ్మ వానిని లెక్కించి సగము ఆవకాయకు, సగము మాగాయకు విడదీసెను. "ఈ యేడు ఒక్క ముక్కయు వ్యర్థము కారాదు" అని ఇంటిల్లిపాదికిని చెప్పెను.

ఆమె మాగాయ పెట్టు తీరు చూడవలసినదే. కాయలను నూతి నీటితో కడిగి, ఒక్కొక్క కాయను పొడిగుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టెడిది. తడి పూర్తిగా ఆరినగాని కత్తిపీట ముట్టెడిది కాదు. పిమ్మట చెక్కు తీసి, టెంక వదలి, ముక్కలు తరిగి, ఉప్పును పసుపును కలిపి జాడీలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టెడిది. మూడు దినములు గడచునప్పటికి ముక్కలలోని నీరు ఊటగా దిగెడిది. నాల్గవనాడు ముక్కలను పిండి ఈతచాపపై పలుచగా పఱచి ఎండబెట్టెడిది. ఊటను సైతము గిన్నెలో పోసి ఎండకు పెట్టెడిది. సాయంకాలము ముక్కలను మరల ఊటలో వేసెడిది. ఇట్లు రెండు మూడు దినములు చేసి, ముక్క వడలిన పిమ్మట, కారమును, వేయించి దంచిన మెంతిపిండిని కలిపి, ఇంగువ తాలింపు వేసి చల్లార్చిన నువ్వులనూనె పోసి జాడీకెత్తెడిది. ఆ జాడీనుండి ముక్కలు తీయుటకు పొడి గరిటె తప్ప వేఱొకటి వాడరాదు. "తడిచేయి తగులరాదు" అనునది మా యింట శాసనము.

ఇందులోని శాస్త్రమును నేను పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని. ఆహారమును పాడుచేయునవి సూక్ష్మజీవులు, బూజులు. అవి పెరుగుటకు నీరు కావలెను. ఉప్పు ముక్కలోని నీటిని వెలికి లాగును. సూక్ష్మజీవిలోని నీటిని సైతము లాగి దానిని పెరుగనీయదు. ఎండ మిగిలిన తడిని తగ్గించును. మామిడిలోని పులుపు అనేక సూక్ష్మజీవులను అణచును. పైన తేలెడి నూనె ముక్కకు గాలి తగులనీయదు; గాలి లేనిచోట బూజు పెరుగజాలదు. ఇన్ని కట్టుదిట్టములు ఉన్నను, ఒక్క తడిచేయి జాడీలో పడెనా, నీరును, మలినమును, బూజుబీజములును ఒక్కసారిగా లోనికి ప్రవేశించును. పైభాగమున ఉప్పు పలుచబడినచోట బూజు తల ఎత్తును.

ఫ్రాన్సు దేశమునందు నికొలా అపేర్ అను మిఠాయి వ్యాపారి ఆహారమును సీసాలలో పెట్టి, బిరడాలు బిగించి, మరుగునీటిలో కాచి నిలువచేయు పద్ధతిని కనిపెట్టి, 1810లో దానిని గ్రంథముగా ప్రకటించెను. ఆహారము అట్లేల నిలిచియుండునో ఆతనికిని తెలియదు. సూక్ష్మజీవులే చెడుటకు కారణమని అదే దేశమునకు చెందిన లూయీ పాశ్చర్ 1860 తరువాతి సంవత్సరములలో ప్రయోగములచే నిరూపించెను. మా నాయనమ్మకు ఈ పేర్లేవియు తెలియవు. అయినను తరతరముల అనుభవము ఆమెకు ఆ నియమమునే నేర్పినది.

ఇక భైరవుని సంగతి. వాడు మా కుక్క. నల్లని దేశవాళీ జాతి. ఱొమ్మున తెల్లని మచ్చ. కాలువ గట్టున చలికి వణకుచున్న పిల్లను నాన్నగారు తెచ్చి పెంచిరి. కుక్క కాలభైరవుని వాహనమగుటచే ఆ పేరు పెట్టిరి. మాది పెంకుటిల్లు, ఎండబెట్టుటకు డాబా లేదు. పెరటిలోనే నులకమంచములపైనను చాపలపైనను బూడిదగుమ్మడి వడియములు, చల్లమిరపకాయలు, గోరుచిక్కుడు ఒరుగులు, మాగాయ ముక్కలు వరుసగా పఱచియుండెడివి. కాకులు, కోళ్ళు, దడి దాటివచ్చు మేకలు, అన్నిటికంటె మిక్కిలిగా చింతతోపునుండి దిగివచ్చు కోతులు—వీని బారినుండి వానిని కాపాడువాడు భైరవుడే.

అయితే కుక్కయున్న యింట పంట ఎండబెట్టుటలో చిక్కులును కలవు. దాని వెండ్రుకలు గాలికి ఎగిరివచ్చి పడును, బురదకాళ్ళతో అది చాప త్రొక్కును, ఆకలిగొన్నచో మూతిపెట్టును. కావున నాయనమ్మ కొన్ని కట్టుబాట్లు చేసెను. చాపలకు పది అడుగుల దూరమున వేపచెట్టు నీడ భైరవుని చోటు. ప్రక్కనే మట్టిమూకుడులో చల్లని నీరు. ఉదయమున చాపలు పఱచుటకు ముందే వానికి మజ్జిగ కలిపిన అన్నము. "కడుపు నిండిన కాపలావాడు కన్నము వేయడు" అని ఆమె నవ్వుచు అనెడిది. వడియములవంటివి నేలపై గాక మంచములపై ఎత్తుగా ఎండబెట్టెడిది. కుక్కకు మనకువలె ఒడలంతయు చెమట పట్టదు; ముఖ్యముగా నాలుక వెలికి చాచి రొప్పుటచేత అది తన వేడిని తగ్గించుకొనును. అందుచేత మధ్యాహ్నపు కాపలా భైరవునికి లేదు. ఆ రెండు గంటలు వాడు వసారాలో పండుకొనెడివాడు. పిల్లలమే కఱ్ఱ పట్టుకొని కూర్చుండెడివారము.

మాగాయ జాడీకెత్తిన పదునైదు దినములకు, రోహిణి కార్తెలో, ఒకనాటి ఉదయమున నాయనమ్మ వాసెన విప్పి నిశ్చేష్టురాలయ్యెను. పైన తెల్లని బూజు తెరవలె కట్టియుండెను. అక్కడక్కడ ఆకుపచ్చని మచ్చలు. ముక్కవాసన వచ్చెను. ఆమె నోట మాట రాలేదు. ఆ జాడీ వానకాలమంతటికిని మాకు ఆధారము.

ఇంటిలో విచారణ మొదలయ్యెను. ముక్కలు ఎండబెట్టిన దినములలో ఒకనాడు చాప అంచున కుక్క అడుగుజాడ కనిపించిన మాట మా పెదతల్లి గుర్తుచేసెను. "భైరవుడు ముట్టినాడు. అందుచేతనే చెడినది" అని ఆమె తీర్మానించెను. అందఱును ఔననిరి. నాయనమ్మ మాత్రము ఏమియు అనలేదు.

నిజము నాకు తెలియును. పాఠశాలకు సెలవులు. మధ్యాహ్నము అందఱును నిద్రించునప్పుడు నేను నూతికడ చేతులు కడిగికొని, తుడుచుకొనకయే వచ్చి, వాసెన సడలించి జాడీలో చేయి పెట్టి మాగాయ ముక్కలు తినుచుంటిని. ఒకనాడు కాదు, నాలుగైదు దినములు. వాసెనను బిగించి కట్టుట కూడ నాకు చేతకాలేదు. చాప అంచున అడుగుజాడ పడిన సంగతియు నేను చూచినదే. ఆనాడు మేక ఒకటి దడి దూరి రాగా, దానిని తఱుముటలో భైరవుని కాలు చాప కొసపై పడినది. ముక్కలకు వాడు మూతి ఆనింపలేదు.

ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. అంతటితో పోక, నాపై ఎవరికిని అనుమానము కలుగకుండుటకై, అందఱికంటె ముందుగా నేనే కఱ్ఱ తీసికొని భైరవుని కొట్టితిని. వాడు పాఱిపోలేదు, మొఱుగలేదు. చెవులు వాల్చి నా కాళ్ళకడనే పండుకొనెను. మూడవ దెబ్బకు నా చేయి ఆడలేదు. వానిని దొడ్డి చివర గడ్డివామికడ త్రాటితో కట్టివేసిరి.

మఱునాడు ప్రొద్దెక్కినంతనే చింతతోపునుండి కోతులమూక దిగెను. పెరటిలో కాపలాలేదు. నాయనమ్మ వంటింటనుండి వచ్చునప్పటికి వడియములు నేలపాలయ్యెను. ఒరుగుల చాప చిరిగిపోయెను. చల్లమిరపకాయల గిన్నె దొర్లిపోయెను. ఆ సమయమంతయు గడ్డివామికడ భైరవుడు గొంతు పగులునట్లు మొఱుగుచు, త్రాటిని లాగుచునేయుండెను. మేము వెళ్ళి చూడగా త్రాడు ఒరసికొని వాని మెడ నెత్తురు చిమ్మియుండెను. దెబ్బలు తిన్నవాడు తన్ను కొట్టినవారి వడియములకై అంతగా పెనగులాడినాడు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట నాన్నగారు మమ్ము కూర్చుండబెట్టి భారతములోని ఒక కథ చెప్పిరి. జనమేజయ మహారాజు తమ్ములతో కూడి యజ్ఞము చేయుచుండెను. దేవశునియైన సరమ కుమారుడు సారమేయుడు ఆడుకొనుచు ఆ యజ్ఞశాలకు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టి తఱిమిరి. వాడు ఏడ్చుచు తల్లికడకు పోయెను. సరమ రాజుకడకు వచ్చి, తన బిడ్డ హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైన లేదు; ఏ నేరమునకు కొట్టిరి? అని అడిగెను. రాజసభలో ఎవరును బదులు చెప్పలేకపోయిరి. మంచిచెడ్డలు విచారింపక దీనులకు కీడుచేయువారికి ఎఱుగని భయములు వచ్చునని ఆమె పలికి వెడలిపోయెను. నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమునందు ఈ కథ కలదు. అదే భారతము చివర ధర్మరాజు, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో చెప్పెను.

"కుక్క నేరము చేసెనో లేదో మనమెవరమును చూడలేదు గదా, అబ్బాయీ!" అని నాన్నగారు నావైపు తిరిగి అనిరి. ఆయనకు నా తప్పు తెలిసి అనిరో, తెలియక అనిరో నేటికిని నేనెఱుగను.

నాకు దుఃఖము ఆగలేదు. నాయనమ్మ ఒడిలో తలపెట్టి, "నాయనమ్మా! జాడీలో తడిచేయి పెట్టినది నేను. భైరవుడు ముట్టలేదు. నేనే ముట్టితిని. తెలిసియే వానిని కొట్టితిని" అని చెప్పివేసితిని.

ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెను. నాయనమ్మ కొంతసేపటికి నా తల నిమిరి, "మాగాయ చెడినచో వచ్చే యేడు మరల పెట్టుకొందుము, నాయనా. నోరులేనిదానిపై నేరము మోపినచో దాని పక్షమున ఎవరు మాటాడుదురు? లెమ్ము. ముందు త్రాడు విప్పి వానికి నీళ్ళు పెట్టుము" అనెను.

లాంతరు పట్టుకొని గడ్డివామికడకు పోయితిని. నన్ను చూచి వాడు పండ్లు చూపునని భయపడితిని. వాడు తోక ఆడించెను. త్రాడు విప్పి, మెడగాయమునకు పసుపు అద్దితిని. వాడు నా చేయి నాకెను. కొట్టిన చేయి అదే. జాడీలో పెట్టిన చేయియు అదే. అంతటి శిక్ష నాకు ఏ గురువును విధింపలేదు.

మఱునాడు బూజుపట్టిన మాగాయను నాన్నగారు పెరటి చివర లోతైన గోతిలో పూడ్చి, పైన రాయి పెట్టిరి. "పైబూజు తీసివేసి వాడుకొనరాదా?" అని పెదతల్లి అడిగెను. నాయనమ్మ వలదనెను. అది సరియైన మాట. బూజు పైకి కనిపించినంత మేరకే ఉండదు; దాని పోగులు లోపలికి ప్రాకియుండును. చెడిన ఊరగాయను కుప్పపై పాఱవేసినను తప్పే. ఆ ఉప్పు, కారము, బూజు పశువులకును కుక్కలకును హాని చేయును. ఆ వానకాలము మేము ఆవకాయను పొదుపుగా వాడుకొంటిమి. ఒక్కొక్కనాడు మజ్జిగయన్నములో ఉప్పుకల్లు నంజుకొంటిమి. ప్రతి ముద్దకును నా తప్పు నాకు గుర్తువచ్చెడిది.

విద్యార్థులారా! మీ యిండ్లలో కుక్క యున్నచో, వేసవిలో పంటను దాచునప్పుడు ఈ విషయములను మఱవకుడు. ఎండబెట్టునవి ఎత్తున ఉండవలెను; పైన పలుచని గుడ్డ కప్పవలెను. కుక్కకు నీడయు నీరును వేఱుగా ఏర్పఱుపవలెను. దానిని తాకిన చేతులను సబ్బుతో కడిగికొని, పొడిగా తుడుచుకొనినగాని ఆహారమును ముట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషప్రాయములు. అవి దాని నెత్తురులోని ఎఱ్ఱకణములను నాశనము చేయును. కావున వెల్లుల్లి వేసిన ఆవకాయ కలిపిన అన్నమును ముద్దుకైనను దానికి పెట్టరాదు. ద్రాక్షపండ్లును, వానిని ఎండబెట్టిన కిస్‌మిస్‌లును దాని మూత్రపిండములను చెఱచును. మామిడిటెంకను మ్రింగినచో అది ప్రేగులలో అడ్డుపడి ప్రాణాపాయము తెచ్చును. కావున తిన్న టెంకలను పెరటిలో విసరక మూతగల తొట్టిలో వేయవలెను. పశువైద్యుడు చెప్పిన ప్రకారము కుక్కకు రేబీస్ టీకా తప్పక వేయింపవలెను. ఆహారము ఏల చెడునో తెలిపిన పాశ్చర్ మహాశయుడే 1885లో పిచ్చికుక్క కరచిన ఒక బాలునికి టీకా వేసి రక్షించి, ఆ వ్యాధినుండి మానవులను కాపాడు మార్గమును చూపెను.

నేడు అనేక గృహములలో ఫ్రిజ్ ఉన్నది. అంగడిలో అన్ని ఊరగాయలును సీసాలలో దొరకును. అయినను ఉప్పు, ఎండ, నూనె, శుభ్రత—ఈ నాలుగింటి పని మాఱలేదు. తడిచేయి చేయు చెఱుపును మాఱలేదు. జాడీకి తడి తగులకుండ చూచుకొనుట ఎంత అవసరమో, విచారింపక ఒకరిపై నేరము మోపకుండుటయు అంత అవసరము. జాడీ చెడినచో ఒక వానకాలము కష్టము. నిరపరాధిని శిక్షించినచో ఆ బాధ బ్రదికినన్నాళ్ళును వెంటవచ్చును.

భైరవుడు ఆ తరువాత మఱి నాలుగు వేసవులు మా పెరటిని కాచెను. వానిని మరల ఎన్నడును కట్టలేదు. ఆ మాగాయ జాడీ నేటికిని మా యింట ఉన్నది. ఏటేటా దానిలో మాగాయ పెట్టుచునేయున్నాము. దాని వాసెన విప్పునప్పుడెల్ల నేను ముందుగా నా చేయి చూచుకొందును.

ప్రశ్నలు

1. మాగాయ పెట్టు విధానమును వరుసగా వ్రాయుడు.
2. ఉప్పు, ఎండ, పులుపు, నూనె—ఇవి ఊరగాయను ఎట్లు కాపాడును?
3. కుక్కయున్న యింట పంట ఎండబెట్టుటకు నాయనమ్మ చేసిన కట్టుబాట్లు ఏవి? వానిలో కుక్క మేలునకై చేసినవి ఏవి?
4. భైరవుని మొదట కొట్టినవాడు రచయితయే. ఆతడు అట్లేల చేసెను?
5. సరమ కథకును ఈ పాఠమునకును గల పోలికను మీ మాటలలో వివరింపుడు.
6. మీ యింట వేసవిలో నిలువచేయు పదార్థములను గూర్చి పెద్దలనడిగి ఒక పుట వ్రాయుడు.